వంగిన మూత మీద పేతురు తాత

నిజాం రైల్వేలో మా తాత పేతురు చేసిన ఉద్యోగం కూర్చోవడం. ఈ మాట నేను అన్నప్పుడల్లా మా నాయనమ్మ కాంతమణి కొంగు నోటికి అడ్డం పెట్టుకునేది. తాత చేతికర్ర కోసం వెతికేవాడు. కానీ అబద్ధం కాదు. రైలుపెట్టెల్లో మొదటి తరగతి సీట్లకు కొబ్బరిపీచు కూరి, పైన తోలు బిగించి, ఇత్తడి మేకులు కొట్టడం ఆయన పని. ఒక్కో సీటు పూర్తికాగానే దాని మీద కూర్చుని, అటు జరిగి, ఇటు జరిగి, కళ్ళు మూసుకుని, పీచు ఎక్కడ ఉండకట్టిందో ఒంటితో కనిపెట్టేవాడు. కార్ఖానాలో ఇంకెవరికీ ఆ విద్య రాలేదు. మిగతా మేస్త్రీలు కూడా తాము చేసిన సీట్లు మోసుకొచ్చి, "పేతురూ, జెర కూసోని చూడు" అని బతిమిలాడేవారట.

దాంతో ఆయనకు ఒక నమ్మకం కుదిరింది. లోకంలో వంకర పోయినదేదైనా సరే, తను కాసేపు కూర్చుంటే చదునవుతుందని. ముడతపడ్డ చొక్కాను మడిచి దాని మీద కూర్చునేవాడు. ఒకసారి బైబిలు అట్ట ఊడితే జిగురు పూసి దాని మీదా కూర్చోబోయాడు. నాయనమ్మ వేసిన కేకకు వీధిలో పోతున్న పాలవాడు ఆగిపోయాడట.

రెండో నమ్మకం కూడా ఆ కార్ఖానా నుంచి తెచ్చుకున్నదే. పని కనిపించే వైపు చెయ్యాలి, కనిపించని వైపు చెయ్యకూడదు. "సీటు కిందికి వంగి ఎవడు చూస్తడే?" అనేవాడు.

ఈ రెండు నమ్మకాలూ కలిసి 1948 సెప్టెంబరులో ఒక కోడి ప్రాణం మీదికి తెచ్చాయి.

ఆ కోడి పేరు దొరసాని. బొల్లారంలో మా నాయనమ్మ కుట్టుపని చేసిన ఇంటి దొరసాని, సీమకు వెళ్ళిపోతూ దాన్ని ఆమె చేతిలో పెట్టింది. తెల్లటి పెట్ట. నడకలో ఆ యజమానురాలి బిగువే ఉండేదట, అందుకే ఆ పేరు. మెట్టుగూడలో వాళ్ళు ఉన్న ఇంటి వరండాలో, తాత ఒక పాత చాయ్‌పత్తా పెట్టెను గోడకు మేకులతో బిగించి దానికి కాపురం పెట్టాడు. పైన వెడల్పాటి మామిడి పలక మూత. తీసి పెట్టుకునేది. ఆ మూత మీది వైపుకు తాత రైలు తలుపులకు వేసే వార్నీషు మూడు పూతలు పూశాడు. పక్కింటి దర్జీ తుకారాం పొద్దున్నే వచ్చి అందులో చూసుకుని మీసం దువ్వుకునేవాడు. మూత అడుగు వైపు మాత్రం పచ్చి చెక్క. కోడి తల ఎత్తి చూసి వంక పెడుతుందా ఏమన్నా?

ఇప్పుడు నాయనమ్మ మొక్కుబడి సంగతి. అంతకుముందు ఏడాది మా నాన్న పుట్టాడు. కాన్పు కష్టమైంది. మంచం దిగి గుడికి వెళ్ళిన మొదటి ఆదివారమే ఆమె సంఘం అంతా వినేలా లేచి నిలబడి, "ఈ ఏటి కోతపండక్కి నా ఇంట పుట్టి పెరిగిన కోడిని దేవుడికి అర్పిస్తాను" అంది. కొన్న కోడి కాదు, ఎవరో ఇచ్చిన కోడి కాదు. అంటే దొరసాని పనికిరాదు, దాని పిల్లలే కావాలి. బాపట్ల మనిషి, మాటంటే మాటే. కానీ ఆ మాట ముంగిస విన్నట్టుంది. మొదటిసారి పొదిగిన పిల్లలను పట్టుకుపోయింది. అప్పటికి ఆ పెట్టె లేదు, గంప కింద ఉండేవి. కోతపండక్కి నాయనమ్మ గుమ్మడికాయ పట్టుకెళ్ళింది. స్త్రీల సమాజం పెద్ద డోరమ్మ దాన్ని అందుకుని అటూ ఇటూ తిప్పి చూసి, "కాంతమణీ, నీ కోడికి కాళ్ళు ఎటు పోయినయే?" అంది. గుడి మెట్ల దాకా నవ్వులు. ఆ నవ్వు నాయనమ్మ చెవిలో ఏడాది పాటు ఉండిపోయింది.

జూన్‌లో గంప మీద రాయి పెట్టి రెండోసారి పొదగేసింది. ముంగిస కింద మట్టి తవ్వి దూరింది. గుడ్లన్నీ పోయాయి. అప్పుడే తాత పెట్టె చేశాడు. ఆగస్టు చివర, తుకారాం పుంజు పుణ్యమా అని, పదకొండు గుడ్లతో దొరసాని మూడోసారి కూర్చుంది. సెప్టెంబరు పద్దెనిమిదికి ఇరవై ఒక్క రోజులు నిండుతాయి. ఇవి కూడా పోతే కోతపండగ నాటికి మళ్ళీ పొదిగించే వ్యవధి లేదు. మళ్ళీ గుమ్మడికాయే.

పదమూడో తేదీ పొద్దున భారత సైన్యం నిజాం సరిహద్దు దాటిందని వార్త వచ్చింది. రైళ్ళు ఆగాయి. కార్ఖానా మూశారు. సందు దాటి బయటికి పోవద్దని కర్ఫ్యూ. తాత ఇంటికొచ్చి టోపీ తగిలించేసరికి నాయనమ్మ వరండాలో నడుం మీద చేతులు పెట్టుకుని నిలబడి ఉంది.

"చూశారా మీ వార్నీషు మూత?"

వారం రోజుల ముసురుకు మూత దోనెలా వంగింది. రెండు అంచులూ పైకి లేచాయి. ముందు వైపు సందులో నుంచి దొరసాని తల బయటపెట్టి ఇద్దరినీ మార్చి మార్చి చూస్తోంది.

"ఏం కాదే. నాలుగు మేకులు కొడితే సాఫ్ అయితది."

"కొట్టండి. మేత తినడానికి కోడి బయటికి ఎలా వస్తుంది? మీకు అర్జీ పెట్టుకుంటుందా?"

"మేత లోపలికే ఇద్దాం."

"ఎట్నుంచి? మేకుల్లోంచా?"

తాత అప్పటికే ఒక మేకు కొట్టాడు. మూత అంచున ఠప్‌మని ఒక చీలిక. ఇంకో మూత చేద్దామంటే చెక్కల అడితి కర్ఫ్యూ అవతల ఉంది. మేకు పీకేశాడు. రుబ్బురోలు పొత్రం తెచ్చి ఒక అంచు మీద పెట్టాడు. రెండో అంచు ఇంకా పైకి లేచింది. మధ్యలో పెడితే రెండూ లేచే ఉన్నాయి. పెట్టెనే ఇంట్లోకి మారుద్దామా అంటే, పొదిగే కోడికి చోటు మారిస్తే గుడ్లు వదిలేస్తుందని నాయనమ్మ ఒప్పుకోలేదు. ఆ పూటే తుకారాం గోడ మీద ముంగిస తోక కనిపించింది.

అప్పుడు తాత తనకు తెలిసిన పని చేశాడు. కూర్చున్నాడు.

నిజంగానే మూత పెట్టెకు అతుక్కుపోయింది. కోడికి గాలి కోసం పక్కన కన్నాలు ఉన్నాయి. తాత కాళ్ళు చాపి, గోడకు ఆనుకుని, "చూసినవా కాంతం? ఒక దినం కూసుంటే మూత మాట వింటది" అన్నాడు. దొరసాని మేత తినే పావుగంట తప్ప లేవలేదు. అన్నం అక్కడే. నిద్ర అక్కడే, పెట్టె మీద అడ్డంగా పడుకుని, కాళ్ళు ఒకవైపు, తల ఒకవైపు వేలాడేసి. మా నాన్న అప్పటికి ఉయ్యాలలో ఉన్నాడు గనుక సాక్ష్యానికి పనికిరాడు. కానీ తుకారాం నాకు స్వయంగా చెప్పాడు. పైన విమానం మోత వినబడి సందు మొత్తం మంచాల కింద దూరితే, మా తాత ఒక్కడు మాత్రం కోడిపెట్టె మీద నుంచి లేవకుండా గొడుగు తెరిచాడట.

ఒక దినం అయింది. తాత లేచాడు. ఆయనతో పాటు మూత అంచులూ లేచాయి. మళ్ళీ కూర్చున్నాడు. రెండో దినం. మూడో దినం.

సందులో పుకారు పుట్టింది. జనం ఇళ్ళలో బంగారం పాతిపెట్టుకుంటున్న రోజులవి. పేతురు మూడు రోజులుగా పెట్టె మీద నుంచి లేవడం లేదంటే ఊరికే ఉంటుందా? తుపాకులని ఒకరు, వెండి అని ఒకరు. తుకారాం అయితే లోపల మనిషి ఉన్నాడని, రాత్రి దగ్గాడని కూడా చెప్పాడు. దగ్గింది మా తాతే. వాన జల్లులో పడుకుంటే దగ్గు రాదా మరి?

పదహారో తేదీ మధ్యాహ్నం ఒక పోలీసు జవాను లాఠీతో గేటు తట్టి లోపలికి వచ్చాడు.

"ఏం దాచినవ్ పెట్టెల?"

"కోడి, సాబ్."

"కోడి మీద మూడు దినాలు కూసున్నవా?"

"కోడి మీద కాదు సాబ్. మూత మీద."

"లే."

"నేను లేస్తే మూత సుత లేస్తది సాబ్."

జవానుకు ఈ జవాబు పొగరులా తోచింది. లాఠీతో పెట్టెను టక్ మని కొట్టాడు. లోపల నుంచి దొరసాని ఇంత పొడుగు శాపనార్థం పెట్టింది. నాయనమ్మ వంటింట్లో నుంచి పిండి చేతులతో పరుగెత్తుకొచ్చింది.

"కొట్టకు నాయనా! ఎల్లుండే పిల్లలు. లోపల కదిలే వేళ. కావాలంటే చెయ్యి పెట్టి చూసుకో, కానీ మెల్లగా."

తాత లేచాడు. మూత అంచు లేచింది. జవాను నమ్మకం లేని మొహంతో ఆ సందులోకి చెయ్యి పోనిచ్చాడు. ఒక్క క్షణం ఏమీ జరగలేదు. తర్వాత ఆయన "అమ్మీ!" అని అరిచి చెయ్యి లాక్కుని వేలు నోట్లో పెట్టుకున్నాడు. గోడ అవతల తుకారాం మొహం కిందికి దిగిపోయింది.

"ఉన్నది కోడే," అన్నాడు జవాను వేలు చప్పరిస్తూ. నవ్వు ఆపుకోవడానికి మీసం గట్టిగా పట్టుకున్నాడట. "కని సందంతా పరేషాన్ అయితుంది. ఇంకోపారి ఈ పెట్టె మీద కనబడితే నిన్నూ, పెట్టెనూ ఇద్దరినీ ఠాణాకు తీస్కపోత. ఏమనుకున్నవ్?"

అలా మా తాత జీవితంలో మొదటిసారి కూర్చోవడం మీద నిషేధం పడింది.

ఆ రాత్రి పెట్టె మీద నాయనమ్మ కూర్చుంది. జవాను పేతురును వద్దన్నాడు గానీ కాంతమణిని అనలేదు కదా! తాతలా కళ్ళు మూసుకుని కూర్చునే రకం కాదు ఆమె. కూర్చున్నంతసేపూ వేళ్ళతో మూతను తడుముతూనే ఉంది. పైన వార్నీషు గాజులా పొడిగా ఉంది. అంచు కిందికి వేలు పోనిస్తే అడుగున చెక్క నానిన శనగలా మెత్తగా, చెమ్మగా తగిలింది. ముసురు, కోడి ఆవిరి, గడ్డి తడి అన్నీ కలిసి అటువైపు నుంచే ఎక్కాయి.

తెల్లవారి తాత కాఫీ అడిగితే ఆమె, "అప్పడం ఎటు ముడుచుకుంటుందండీ?" అని అడిగింది.

"పొద్దు పొద్దున అప్పడాలేందే?"

"చెప్పండి. ఎండలో వేస్తే ఎటు ముడుచుకుంటుంది?"

"ఎండ తగిలిన దిక్కు."

"ఎందుకని?"

"ఏమో. దాని ఇష్టం."

"ఎండిన వైపు బిగుసుకుంటుంది, పచ్చి వైపు సాగి ఉంటుంది. మనం ఏం చేస్తాం? దాని మీద కూర్చుంటామా?"

తాత మూత వైపు ఓరగా చూశాడు.

"తిప్పి వేస్తాం. పచ్చి వైపు ఎండ చూపిస్తాం. మీ మూత కూడా అంతే. పైన రాజులా ముస్తాబు చేసి కింద తడిలో వదిలేశారు. అటు ఉబ్బింది, ఇటు వంగింది."

"మూత అప్పడమా?" అన్నాడు తాత. అంటూనే అంచు కిందికి తనూ వేలు పోనిచ్చి చూశాడు.

ఆ రోజు, పదిహేడు, శుక్రవారం. పది రోజుల తర్వాత ఎండ మొహం చూపింది. నాయనమ్మ దొరసాని మీద గంప బోర్లించి, కర్ర చేతపట్టుకుని పక్కనే పీట వేసుకుంది. మూతను వార్నీషు వైపు కిందికి, పచ్చి వైపు పైకి పెట్టి పెరట్లో ఎండలో వేసింది. చదును కాగానే మూతకు అడుగున అడ్డంగా రెండు పట్టీలు బిగిస్తే మళ్ళీ వంగదని తాత ఒప్పుకున్నాడు. పట్టీలకు చెక్క లేదు. ఇల్లంతా వెతికి, చివరికి మా నాన్న ఉయ్యాల నుంచి రెండు ఊడదీశాడు. మా నాన్నకు నడుం నొప్పి వచ్చినప్పుడల్లా ఇప్పటికీ ఆ రెండు పట్టీల గురించి ఎత్తుతాడు.

మధ్యాహ్నానికి మూత సగం దిగింది. నాయనమ్మ గంటకోసారి దాని మీద తన చపాతీ కర్ర అడ్డంగా పెట్టి, కింద వెలుతురు ఎంత కనిపిస్తోందో చూసేది. ఎక్కువసేపు ఉంచినా ముప్పే, అప్పడంలాగే రెండోవైపు తిరగబడుతుంది. సరిగ్గా కర్ర కింద వెలుతురు పోయిన నిమిషంలో పట్టీలు బిగించాలి.

ఆ నిమిషం సాయంత్రం వచ్చింది. తాత లేడు.

సందు చివర రిటైరైన రైల్వే గార్డు ఆర్థర్ గారి ఇంట్లో రేడియో ఉంది. ఏదో పెద్ద కబురు చెబుతారట అని సందంతా గోడలు దూకి అక్కడ చేరింది. తాత వెళుతూ వెళుతూ మరమేకులు, స్క్రూడ్రైవర్ చొక్కా జేబులో వేసుకుని మరీ వెళ్ళాడు.

నాయనమ్మ కర్ర కింద మరోసారి చూసింది. వెలుతురు లేదు. కర్రను, మా నాన్నను కోడి దగ్గర పెట్టింది. అంతకన్నా నమ్మకమైన కాపలా దొరకలేదు. మూతను చంకన పెట్టుకుని ఆర్థర్ గారి ఇంటికి నడిచింది.

గదిలో సూది పడితే వినబడేంత నిశ్శబ్దం. రేడియో గరగరలాడి, ఎవరో మాట్లాడడం మొదలుపెట్టారు. నాయనమ్మ గుమ్మంలో నిలబడింది.

"ఏమండీ, స్క్రూడ్రైవర్."

"ష్!" అంది గది గదంతా.

"స్క్రూడ్రైవర్ ఇచ్చి వినండి."

"జెర ఆగవే కాంతం! నిజాం కథ నడుస్తున్నది!"

"ఆయన కథ రేపు కూడా చెబుతారు. ఈ చెక్క ఇంకో పావుగంట ఆగదు."

ఆర్థర్ గారు వేలు పెదవుల మీద పెట్టుకుని కళ్ళెర్రజేశారు. తుకారాం చేతులు జోడించాడు. నాయనమ్మ ఎవరినీ చూడలేదు. నేరుగా వెళ్ళి తాత మోచెయ్యి పట్టుకుంది. ఆ పట్టు నాకూ తెలుసు, అది పడితే పెద్ద మనిషైనా లేవాల్సిందే. తాత లేచాడు. వెనక నుంచి రేడియో మాటలు సన్నగా వినిపిస్తుంటే, సందులో మెడ వెనక్కి తిప్పి తిప్పి నడిచాడు.

మూతను పెరటి అరుగు మీద బోర్లించి, ఆమె రెండు చేతులతో అదిమి పట్టింది. తాత పట్టీలు పెట్టి బిగించాడు. ఒక్కో పట్టీకి నాలుగు మరమేకులు. చీలికకు జిగురు. చివరి మేకు సగంలో ఉండగా ఆర్థర్ గారి ఇంటి వైపు నుంచి ఒక్కసారిగా హోరు లేచింది. ఎవరో పళ్ళెం వాయించారు. ఎవరో ఏడ్చారు కూడా. తాత స్క్రూడ్రైవర్ ఆగిపోయింది.

"అయిపోయినట్టుంది," అన్నాడు.

"ఇంకా రెండు చుట్లుంది," అంది నాయనమ్మ.

నిజాం లొంగిపోయాడన్న ఆ ప్రకటన గురించి తాత చచ్చేదాకా వచ్చినవాళ్ళందరికీ గొంతు మార్చి మరీ చెప్పేవాడు. ఆయన విన్నది మొదటి రెండు ముక్కలే. తరువాయి అంతా తుకారాం చెప్పగా విన్నది, దానికి తను కూరిన పీచు. పోలీసు యాక్షన్ గురించి రాయమని ఏడో తరగతి పరీక్షలో వస్తే, నేను మూత సంగతి వివరంగా రాశాను. పంతులు సున్నా పెట్టాడు. ఆయనకు చెక్కపని తెలియదు పాపం.

మూత పెట్టెకు సరిగ్గా కూర్చుంది. అడుగు వైపుకు కూడా వార్నీషు పూస్తానన్నాడు తాత, తనంతట తనే. కోడి బయటికి వచ్చాక పూద్దురుగానీ, ఇప్పుడా వాసనకు గుడ్లలోనే తుమ్ముతాయి అంది నాయనమ్మ. తెల్లవారి చూస్తే మూత అంచున నాలుగు గోళ్ళ గీతలు. అంతే. ముంగిస అక్కడే ఆగిపోయి వెళ్ళిపోయింది.

పద్దెనిమిదిన సైన్యం వస్తోందని సందంతా పెద్ద రోడ్డుకు పరుగెత్తింది. వరండాలో వీళ్ళిద్దరే మిగిలారు. నాయనమ్మ మూత ఎత్తింది. దొరసాని రెక్క కింద నుంచి తడిసిన దూదిముద్దలా ఒక తల, దాని పక్కన ఇంకొకటి. సాయంత్రానికి తొమ్మిది. ఆమె లెక్కపెట్టి, మూత మూసి, మళ్ళీ తీసి, మళ్ళీ లెక్కపెట్టింది. తర్వాత మూత మీద అరచెయ్యి ఆనించి చాలాసేపు అలాగే ఉందట. తాత పక్కన నిలబడి, "కూసుంటే సుత అయ్యేదే. టైం దొర్కలే," అన్నాడు. ఆ పూట ఆమె వాదించకుండా నూకల పళ్ళెం ఆయన చేతిలో పెట్టింది. ఆమె వరకు అది ఆయన్ని క్షమించడమే.

నవంబరు ఆఖర్లో కోతపండగ. గుడి ముందు బల్ల నిండా గుమ్మడికాయలు, కందులు, చెరుకుగడలు. నాయనమ్మ కొత్త చీర కట్టుకుని, గంపలో రెండు నెలలు దాటిన కుర్రపుంజును పెట్టుకుని మధ్య నడవలో నడిచింది. పిట్టంత ఉంది గానీ ఎర్రటి తురాయి మొలిచింది. బల్ల దగ్గర డోరమ్మే అందుకోవడానికి నిలబడి ఉంది.

"కాళ్ళున్నాయి, చూసుకో వదినా," అంది నాయనమ్మ. "రెండు."

డోరమ్మ వంగి చూసింది. నిజంగానే లెక్కపెట్టినట్టుందట. తర్వాత గంప పట్టుకుని, "నీ ఇంట పుట్టిందేనా?" అని అడిగింది.

"నా ఇంట పుట్టిందే. సందంతా సాక్ష్యం."

అయ్యగారు చేతులెత్తి ప్రార్థన మొదలుపెట్టారు. సంఘమంతా తలలు వంచింది. అప్పుడు ఆ కుర్రపుంజు గంపలో లేచి నిలబడి, మెడ చాచి, పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి కూసింది. విరిగిన గొంతుతో, సగం కూత. కానీ గుడి మొత్తం వినబడింది.

ప్రార్థన ఆగింది. వంచిన తలలు ఒక్కొక్కటే లేచాయి. లేచిన ప్రతి తలా, అయ్యగారితో సహా, మూడో వరుసలో ఉన్న పేతురు వైపు తిరిగింది. బైబిల్లో కోడి కూసేలోగా యేసును ఎరగనని మూడుసార్లు బొంకిన శిష్యుడి పేరూ పేతురే మరి.

మా తాత కంగారుగా లేచి నిలబడ్డాడు.

"నేనేమనలే!" అన్నాడు.

బల్ల దగ్గర అందరికన్నా ముందు, అందరికన్నా గట్టిగా నవ్వింది మా నాయనమ్మ.